ముందు చక్రానికి కట్టిన జెండా

తొర్రూరు గ్రంథాలయంలో అట్టలు ఊడిపోయిన పుస్తకం ఒకటి ఉండేది. మోటారు సైకిళ్ల మరమ్మతు గురించి. మొదటి పేజీలు చిరిగిపోయాయి కనుక ఎవరు రాశారో నాకు ఇప్పటికీ తెలియదు. పదో తరగతి తప్పాక బడి నన్ను వదిలేసింది గాని ఆ గదిలోని బల్లలు వదల్లేదు. చరిత్ర, నవలలు, నక్షత్రాల మీద రాసిన చిన్న చిన్న పుస్తకాలు, ఏది దొరికితే అది చదివాను. ఆ మరమ్మతు పుస్తకాన్ని మాత్రం చదవలేదు, వల్లె వేశాను. బొమ్మల్లోని బాణం గుర్తులు కూడా కళ్లు మూసుకుంటే కనిపించేవి.

పని నేర్పింది మాత్రం మానుకోటలో నా ఉస్తాదు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. ఇంట్లో దక్కనీ ఉర్దూ, దుకాణంలో తెలుగు మాట్లాడే మనిషి. నన్ను రాతకోతల గుమాస్తాను పిలిచినట్టు ‘మున్షీ’ అని పిలిచేవాడు. నేను ఏదైనా బోల్టు ముందు ఆగి ఆలోచిస్తుంటే చాలు, పానా చేతిలో తిప్పుతూ మొదలుపెట్టేవాడు.

“ఏం రా మున్షీ, గిది ఏ పేజీల ఉన్నది? పేజీ దొరికేదాంక గిరాకీని గీడనే పండవెడ్దామా?”

నవ్వేవాళ్లం. ఆయన చేతి పని మంచిది. కాని ఒక విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పడేది కాదు. అది ముందు చక్రం. వెనుక చక్రం అటూ ఇటూ అయితే బండి తోక ఊపుతుంది, మనిషికి తెలుస్తుంది, ఆపుకుంటాడు. ముందు చక్రం ఆ వ్యవధి ఇవ్వదు. అందుకే అందులో నేను పుస్తకాన్ని ఒక్క అక్షరం దాటేవాణ్ని కాదు.

చక్రాన్ని ఫోర్కు కాళ్ల మధ్యకు ఎత్తాలి. బ్రేకు ప్లేటుకు ఒక గాడి ఉంటుంది, ఫోర్కు కాలికి ఒక బుడిపె ఉంటుంది. బుడిపె గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే బ్రేకు పట్టిన క్షణంలో ప్లేటు చక్రంతో పాటు గిర్రున తిరిగి చక్రాన్ని బిగబడుతుంది. గ్రీజు రాసిన యాక్సిల్ చేత్తో తోస్తే లోపలికి పోవాలి. సుత్తె అడిగిందంటే ఎక్కడో వంకర ఉన్నట్టే. నట్టు ముందు చేత్తోనే తిప్పాలి. బండిని స్టాండు మీద నుంచి దింపి, ముందు బ్రేకు పట్టుకుని, హ్యాండిలును బలంగా కిందికి నొక్కి వదలాలి. అలా కొన్నిసార్లు చేస్తే ఫోర్కు కాళ్లు రెండూ తమ చోటు తాము వెతుక్కుని చక్రానికి సరిగ్గా ఇరువైపులా నిలబడతాయి. అప్పుడు పానా. మొదటే బిగిస్తే కాళ్లు పక్కకు లాగబడి అట్లాగే ఉండిపోతాయి. చివరగా పిన్ను. పాత బళ్లలో ఆ నట్టుకు కోట బురుజుకు ఉన్నట్టు గాట్లు ఉంటాయి, యాక్సిల్ కొసన అడ్డంగా రంధ్రం ఉంటుంది. గాటు, రంధ్రం ఒక వరుసలోకి వచ్చాక సన్నని జంట కాళ్ల పిన్ను దూర్చి, కాళ్లను చెరో వైపుకు వంచాలి. ఆ పిన్ను ఉన్నంతసేపు నట్టు వెనక్కి తిరగదు. పాత పిన్ను మళ్లీ వాడొద్దు.

ఉస్తాదు పాత పిన్నునే సుత్తెతో తిన్నగా చేసి మళ్లీ దూర్చేవాడు. నేను కొత్తది పెట్టేవాణ్ని. తొర్రూరులో సొంత దుకాణం పెట్టుకున్నాక నా పేరు నిలబడింది దాని మీదే. ‘పుస్తకాల మెకానిక్’ అని వెక్కిరిస్తూనే ముందు చక్రం పనికి నా దగ్గరికే వచ్చేవారు. ఆ వెక్కిరింత నాకు ఇష్టంగా ఉండేది.

రాష్ట్రం కోసం సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు డిపో దాటడం లేదు, స్కూళ్లు తెరవడం లేదు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు వండుతున్నారు. చౌరస్తాల్లో టైర్లు కాలుస్తున్నారు. టైరు కాలాక రబ్బరు బూడిదవుతుంది గాని లోపలి ఇనుప తీగలు రోడ్డు మీదే మిగిలిపోతాయి. అవి వెంట్రుకల్లా సన్నగా ఉండి, బండి వెళ్తుంటే టైరులోకి దిగుతాయి. మా కోపం మేం రోడ్డు మీద కాల్చి, మా టైర్లే పంక్చరు చేసుకునేవాళ్లం. ఊళ్లో అందరి దుకాణాలకూ గిరాకీ పడిపోయిన ఆ రోజుల్లో నాకు తల ఎత్తే తీరిక లేదు.

అట్లా వచ్చాడు ఆ పిలగాడు. పిలగాడు అంటున్నాను గాని డిగ్రీ అయిపోయినవాడే. పోలీసు కానిస్టేబుల్ కొలువుకు తయారవుతున్నాడు. నేను దుకాణం తెరిచే వేళకు కాలేజీ మైదానంలో పరుగు ముగించుకుని చెమటతో ఇంటికి పోతూ కనిపించేవాడు. గ్రంథాలయంలో నేను కూర్చునే బల్లకే ఎదురుగా కూర్చుని జనరల్ నాలెడ్జి పుస్తకాలు చదివేవాడు. రాష్ట్రం వస్తే కొలువులు వస్తాయని, ఆ కొలువుల్లో ఒకటి తన కాళ్లదేనని అతనికి గట్టి నమ్మకం. పరుగులో అతన్ని మించినవాడు మా మండలంలో లేడు.

వాళ్ల బాపు కూడా వెంట వచ్చాడు. ఆయన సెంట్రింగు మేస్త్రి. స్లాబు పోసే ముందు ఇనుప చువ్వలను జాలీలా పరిచి, సన్నని కట్టుతీగతో ముడి వేసి, కొక్కెంతో మెలి తిప్పే పని. తొర్రూరులో సగం ఇళ్ల కప్పుల కింద ఆయన ముళ్లున్నాయి. ఆయన ఇంట్లో తలుపు గొళ్లెం, మంచం కోడు, నీళ్ల పైపు, సైకిలు బుట్ట, అన్నీ ఆ తీగతోనే కట్టి ఉండేవి.

ముందు టైరు పనికిరాకుండా పోయింది. కొత్తది ఎక్కించి చక్రం బిగిస్తున్నాను. నేను హ్యాండిలు పట్టుకుని బండిని కిందికీ మీదికీ ఊపుతుంటే పెద్దాయన నవ్వాడు.

“ఏందిరా నాయిన, బండితోని బస్కీలు తీపిస్తున్నవ్?”

“ఫోర్కు కాళ్లు సాపు కావాలె బాపూ. పుస్తకంల గట్లనే ఉన్నది.”

“మా ఓడు గూడ గిట్లనే. అన్నం తినాలన్న పుస్తకం చూస్తడు. మీ ఇద్దరికి ఒకటే బల్ల ఇయ్యద్దని చెప్పాలె లైబ్రరోళ్లకు.”

కొడుకు తల దించుకుని నవ్వాడు. “రేపు జనగామకు బండ్ల ర్యాలీ అన్నా. జెండా ఎత్తుగ కట్టుకొని ముంగట పోవాలె. బండి మంచిగుండాలె.”

“ముంగటి చక్రం సంగతి నాకిడిసిపెట్టు” అన్నాను.

ఆ మాట తర్వాత చాలాసార్లు నా చెవిలో మోగింది.

ర్యాలీని నేను దుకాణం అరుగు మీద నుంచి చూశాను. దుమ్ము, హారన్లు, గులాబీ రంగు. అతని జెండా అందరి కంటే ఎత్తుగా ఉంది. వెదురు కర్రను ముందు ఫోర్కు వెంట నిలబెట్టి కట్టారు. నేను చెయ్యి ఊపాను. అతను చూడలేదు.

సాయంత్రం వార్త వచ్చింది. తిరుగు దారిలో, పాలకుర్తి అవతలి వాలులో, బండి ముందు చక్రం ఊడి పడిపోయాడని. బండి అతని మోకాలి మీద పడి రోడ్డు వెంట చాలా దూరం జారిందట. ప్రాణానికి భయం లేదు. కాలు సంగతి చెప్పలేమన్నారు.

వార్త చెప్పినవాడు ‘ముందు చక్రం’ అన్నాక నా వైపు చూశాడు. అరుగు మీద ఉన్నవాళ్లందరూ చూశారు.

మర్నాడు పెద్దాయన వచ్చాడు. చొక్కా మీద కొడుకు నెత్తురు ఎండిపోయి ఉంది. నేను లేచి నిలబడ్డాను. ఆయన నా చొక్కా పట్టుకోలేదు, నా సామాన్ల పెట్టెను కాలితో తన్నాడు. పానాలు రోడ్డు మీదికి చెల్లాచెదురయ్యాయి.

“పుస్తకం చూసి బిగించినవ్ గద? ఏదిరా నీ పుస్తకం? ఏ పేజీల ఉన్నదిరా నా కొడుకు కాలు?”

జనం పోగయ్యారు. ఎవరో పానాలు ఏరి పెట్టెలో వేశారు. ఇంకెవరో “చదువురానోడు చేస్తే ఓర్సుకుంటం, చదివిన అని చెప్పుకునేటోడు చేస్తే ఎట్ల?” అన్నారు.

ఆ రోజంతా నేను చక్రాన్ని మనసులో మళ్లీ మళ్లీ బిగించాను. బుడిపె గాడిలో కూర్చున్న చిన్న చప్పుడు గుర్తుంది. యాక్సిల్ చేత్తో జారిన నునుపు గుర్తుంది. పానా చివరి మలుపు గుర్తుంది. పిన్ను దగ్గరికి వచ్చేసరికి చీకటి. ఎన్నో చక్రాలకు పిన్నులు పెట్టిన వేళ్లు, ఆ ఒక్క చక్రానికి పెట్టాయో లేదో చెప్పడం లేదు. పెద్దాయన బస్కీలని నవ్విన తర్వాత, ఆ నవ్వులో, మరిచిపోయానా? గ్రంథాలయానికి పోయాను. సమ్మెలో దానికీ తాళం. ఆ తాళం ముందు నిలబడి, పుస్తకం దొరికినా అందులో నా ప్రశ్నకు జవాబు ఉండదని తెలిసి తిరిగి వచ్చాను.

నా భార్య ఒకటే అంది. “కూసుండి ఏడిస్తే తెలుస్తదా? పోయి బండి చూడరాదు.”

బండి పడినచోటి దగ్గరే ఉంది. వాలు కింద చాయ్ హోటలు నడిపే ముసలమ్మ దాన్ని వెనుక రేకుల కిందికి ఈడ్పించి ఉంచింది. “నీ బండేనా కొడుకా?” అని అడిగింది. “నేను బిగించిన బండి అవ్వా” అన్నాను. ఆమె పొయ్యి దగ్గరికి పోయింది.

ముందు బ్రేకు ప్లేటు చూశాను. గాడి అంచు పగిలి ఉంది, ఫోర్కు బుడిపె మీద తాజాగా ఒరుసుకున్న మెరుపు ఉంది. అంటే బుడిపె గాడిలోనే ఉండి, చక్రం పక్కకు ఒరిగినప్పుడు బలవంతంగా బయటికి వచ్చింది. అంతవరకు నా పని సరిగ్గా ఉంది. నట్టు లేదు. యాక్సిల్ సగం బయటికి వచ్చి ఉంది. దాని కొసన రంధ్రంలో ఏదో ఉంది. వేలితో తాకాను. పిన్ను కాదు. తీగ. తెగిపోయిన కట్టుతీగ ముక్క.

విరిగిన వెదురు మొదలు ఇంకా ఫోర్కుకు వేలాడుతోంది. దాని చుట్టూ అదే తీగ, రెండు పేటలు కలిపి, కొక్కెంతో మెలి తిప్పి, కొస లోపలికి వంచిన ముడి. అట్లాంటి ముడి చువ్వలు కట్టేవాళ్లు తప్ప ఇంకెవరూ వేయరు. ఏం జరిగిందో కళ్ల ముందు కదిలింది. వెదురు కర్ర అడుగు జారకుండా ఉండాలని దాన్ని యాక్సిల్ రంధ్రంలోంచి, నట్టు గాట్లలోంచి తీగ లాగి కట్టారు. ఎత్తయిన జెండా గాలికి ఊగినప్పుడల్లా కర్ర తీగను గుంజింది. స్లాబు కింద తీగకు కదలిక లేదు, కాంక్రీటు దాన్ని పట్టుకుని ఉంటుంది. బండి మీద కదలిక తప్ప ఇంకేం లేదు. జనగామ పోయి వచ్చేలోగా తీగ అలిసి తెగింది. ఆ తర్వాత నట్టును ఆపేది ఏమీ లేదు.

అయినా ఒక్కటి తేలలేదు. ఆ రంధ్రంలో ఉన్న పిన్నును తీసి తీగ పెట్టారా? లేక పిన్ను లేని ఖాళీ రంధ్రం వాళ్లకు దొరికిందా? తీగ ముక్కను తీసి జేబులో వేసుకున్నాను. ముసలమ్మ చాయ్ ఇచ్చింది. గ్లాసు అక్కడే పెట్టి దవాఖానకు బయల్దేరాను.

వరంగల్ దవాఖానలో అతను కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. కాలికి ఇనుప చువ్వలు బయటికి వచ్చేటట్టు కట్టి ఉన్నాయి. పెద్దాయన చాయ్ కోసం బయటికి పోయాడు. నన్ను చూసి అతను లేవబోయి ఆగిపోయాడు.

“బండి చూసినవా అన్నా?”

“చూసిన.”

“తీగ చూసినవా?”

నేను జేబులోంచి తీసి చూపించాను. అతను దాన్ని చూసి కళ్లు మూసుకున్నాడు.

“పిన్ను ఉండెనా తమ్మీ? నేను పెట్టిననా, లేదా? గది చెప్పు జర.”

“ఉండె. పొద్దుగాల బాపు పకడుతోని గుంజిండు. ‘గీ సన్న పుల్ల ఏం ఆపుతది, నా తీగ స్లాబులనే ఆపుతున్నది’ అన్నడు. గుంజి అంగి జేబుల ఏసుకున్నడు. నేను గూడ నవ్విన.”

నా గుండె మీద నుంచి ఒక బరువు దిగింది. ఆ కాలు ముందు నిలబడి నాకు అంత సంతోషం కలగడం తప్పు కావచ్చు గాని కలిగింది. ఆ సంతోషం నిలవలేదు.

“బాపుకు చెప్పకు అన్నా.”

“మరి ఊర్ల నా మీద...”

“నాకెరుకే. కాని గిది తెలిస్తే ఆయన బతుకడు. ఊరోళ్లు నిన్నంటున్నరని ఆయన నిలవడ్డడు. నువ్వు పనిమంతునివి, ఏ ఊరికి పోయినా బతుకుతవు. మా బాపు యాడికి పోతడు?”

అతను తన కాలు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఇంకెప్పుడూ పరిగెత్తలేడని డాక్టర్లు చెప్పారని నాకు తర్వాత తెలిసింది. అప్పటికే అతనికి తెలుసు.

పెద్దాయన చాయ్ గ్లాసులతో వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలో ఆగాడు. “గీడ ఏం బిగిద్దామని వచ్చినవ్?” అన్నాడు. అప్పుడే ఆయన చూపు నా చేతి మీద పడింది. తీగ ముక్క నా వేళ్ల మధ్యే ఉంది. ఒక గ్లాసు కిటికీ మీద పెట్టి, ఖాళీ అయిన చెయ్యిని చొక్కా జేబు మీదికి తీసుకుపోయి అక్కడే ఉంచాడు. నెత్తురు మరక పడిన ఆ చొక్కాను ఆయన ఇంకా మార్చలేదు.

నాకు అర్థమైంది. కొడుకు దాస్తున్నది తండ్రికి ఎప్పుడో తెలుసు. వార్త విన్నప్పుడే తెలిసి ఉంటుంది. తెలిసే నా పెట్టెను తన్నాడు. ఆ గదిలో ముగ్గురం ఉన్నాం, ముగ్గురికీ తెలుసు, కాని మా ముగ్గురికీ తెలుసన్న సంగతి తెలిసింది నాకూ ఆయనకూ మాత్రమే. కొడుకు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, నేను చెప్పేస్తానేమోనని భయపడుతున్నాడు. నేను తీగను జేబులో వేసుకుని బయటికి వచ్చాను.

చెప్పనని నేను ఎవరికీ మాట ఇవ్వలేదు. చెప్పలేదు, అంతే. నా భార్యకు మాత్రం చెప్పాను. ఆమె “ఆళ్ల బరువు మనమెందుకు మొయ్యాలె?” అంది. చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు అని నాకు నేను చెప్పుకున్నాను. కొడుకు కాలు పోయిన తండ్రి మీదికి తప్పు తోస్తున్నాడు అంటారు. అది నిజమే కావచ్చు. అదొక్కటే కారణమో కాదో నాకు తెలియదు.

ఊరు నన్ను కొట్టలేదు, తిట్టలేదు. బళ్లు రావడం మానేశాయి. వచ్చే ఒకరిద్దరు కూడా నేను చక్రం బిగించాక పక్క వీధిలోకి పోయి, వేరే మెకానిక్‌తో ఒకసారి చూపించుకునేవారు. నాకు కనిపించకూడదనే మర్యాదతోనే చేసేవారు, అది ఇంకా కష్టంగా ఉండేది. గ్రంథాలయం తెరిచాక పోయాను. నా ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. మరమ్మతు పుస్తకం తీసి ముందు చక్రం పేజీ తెరిచాను. అందులో ప్రతి మాటా సరైనదే. మూసేసి అదే చోట పెట్టాను.

మానుకోట పోయి ఉస్తాదుకు ఊరు వదిలి పోతున్నానని చెప్పాను. ఆయన నన్ను మున్షీ అని పిలవలేదు. “భూపాలపల్లిల గనుల కాడ పని దొరుకుతది పో బేటా” అన్నాడు. మేం భూపాలపల్లి పోయాం. అక్కడ బొగ్గు దుమ్ము పడిన బళ్లకు పని చేస్తూ కొత్త పేరు సంపాదించుకోవడానికి చాలా కాలం పట్టింది. ‘పుస్తకాల మెకానిక్’ అని అక్కడ ఎవరూ అనలేదు. నేనూ ఆ పేరు సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు తొర్రూరులో ఉండాలనిపించింది. ఎందుకో చెప్పలేను. బండి మీద ఒక్కణ్నే పోయాను. చౌరస్తా నిండా జనం, డప్పులు, పటాకులు, రంగులు. ఒక పక్క జిరాక్సు దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో అతను కూర్చుని ఉన్నాడు. పక్కన చేతికర్ర. ఇప్పుడు ఆ దుకాణం అతనిదేనట. కానిస్టేబుల్ కొలువుల దరఖాస్తులు జిరాక్సు తీసి ఇస్తాడట. నన్ను చూసి చెయ్యి ఎత్తాడు. నేనూ ఎత్తాను.

పెద్దాయన గుంపులోంచి నన్ను చూశాడు. ముఖం మీద రంగు, చేతిలో చిన్న జెండా. జనాన్ని తోసుకుంటూ నా దాకా వచ్చాడు. డప్పులు మా నెత్తి మీదే మోగుతున్నాయి. ఆయన నోరు నా చెవికి ఆనించాడు.

“చక్రం నువ్వు మంచిగనే బిగించినవు బిడ్డా.”

నేను ఆయన ముఖం చూశాను. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయో రంగు పడిందో తెలియదు.

“గంత మెల్లగ చెప్తే ఎవలకు ఇనపడతది బాపూ?” అన్నాను.

“నీకు ఇనపడ్డది గదా” అన్నాడు.

నా భుజం మీద చెయ్యి వేసి, తీసి, మళ్లీ గుంపులోకి పోయాడు. డప్పుల ముందు నిలబడి జెండా ఊపుతూ కొంతసేపు కనిపించాడు.

నా పాత దుకాణంలో ఇప్పుడు కూల్‌డ్రింకులు అమ్ముతున్నారు. దాని అరుగు దగ్గర బండి తీశాను. ఊరు దాటాక, చప్పుడు వినిపించనంత దూరం వచ్చాక, ఆపి స్టాండు వేశాను. రోడ్డు మీద మోకాలు ఆనించి వంగి ముందు చక్రం చూశాను. పిన్ను ఉంది. దాని కాళ్లు రెండూ చెరో వైపుకు వంగి ఉన్నాయి.